ఉప్పు మీద బోర్లా

పొట్ట కోసం పొట్ట మీద పడుకుంటాను.
ఉయునీ ఉప్పు మైదానంలో నా ఉద్యోగం ఇదే:
జీపు తోలడం,
మధ్యాహ్నం లామా మాంసం వడ్డించడం,
ఆ తర్వాత తెల్లటి నేల మీద బోర్లా పడి
పరాయివాళ్ల ఫోన్లతో అబద్ధాలు తీయడం.

అబద్ధమంటే పెద్దదేం కాదు.
ఇక్కడ చెట్టు లేదు, గోడ లేదు,
దగ్గరేదో దూరమేదో చెప్పే సాక్షి ఒక్కటీ లేదు.
సాక్షి లేనిచోట కంటిని మోసం చేయడం ఎంతసేపు?
ఫోన్‌ని తలకిందులు చేసి
లెన్సు ఉప్పుని ముద్దాడేంత కిందికి దించి
జానెడు దూరంలో ప్లాస్టిక్ డైనోసార్‌ని నిలబెడితే చాలు,
యాభై అడుగుల అవతల నలుగురు సియోల్ కుర్రాళ్లు
ప్రాణభయంతో పరుగెడతారు.
దాని ఎడమ వెనకకాలు నా కూతురు నైరా కొరికేసింది.
అందుకే అది ఎప్పుడూ కుడివైపు నుంచే భయంకరం.

పెళ్లికొడుకు బూటులోంచి పెళ్లికూతురు తొంగిచూస్తుంది.
చిప్స్ డబ్బా అంచు మీద ఒక కుటుంబం కాళ్లూపుతూ కూర్చుంటుంది.
"వెనక్కి, ఇంకొంచెం వెనక్కి, ఆగు, ఇప్పుడు చెయ్యి చాపు!"
ఏడు భాషల్లో ఈ నాలుగు మాటలే వచ్చు నాకు.
అరచేతిలో వైకుంఠం అంటారే,
రోజుకి ముప్పైసార్లు చూపిస్తాను.
లేచి దులుపుకుంటే చొక్కా నుంచి ఉప్పు రాలుతుంది,
ఆ రాత్రి కూరకి సరిపోయేంత.

పదకొండేళ్లు. ఎన్ని వేల ఫొటోలో.
ఒక్కటీ నా దగ్గర లేదు.

మొన్న జూలైలో మారైకె అనే ఆవిడ వచ్చింది.
మంచి మనిషి. చలిగాలికి నా పెదాలు పగిలాయని
తన లేపనం ఇచ్చి, ఉంచుకోమంది.
టీ కెటిల్ మూతి నుంచి ఆమె జారిపడుతున్న ఫొటో
ఎనిమిదోసారికి కుదిరింది.
చూసి చప్పట్లు కొట్టింది. అంతలోనే కనుబొమలు ముడిచింది.
"ఈ మూల ఏదో మచ్చ."
వేలితో దాని చుట్టూ సున్నా చుట్టింది.
ఫోన్ ఒక్క క్షణం ఆలోచించింది.
మచ్చ పోయింది. అక్కడ ఉప్పు వచ్చింది,
నిజం ఉప్పు కంటే శుభ్రమైన ఉప్పు.

ఆ మచ్చ మా అన్న సెవెరో.
తెల్లారకముందే కొల్చానీ నుంచి సైకిల్ మీద వచ్చి
పారతో ఉప్పు గీకి మోకాలెత్తు కుప్పలు పోస్తాడు.
ఎండ పైనుంచీ కాలుస్తుంది, కిందనుంచీ కాలుస్తుంది.
కళ్లు తప్ప మొహమంతా గుడ్డ చుట్టుకుంటాడు.
ఆవిడకు నేనేమీ చెప్పలేదు.
ఏమని చెప్పను?
పదకొండేళ్లుగా నేనూ
అతను రాకుండానే కదా ఫ్రేము కట్టుకుంటున్నాను.

మర్నాడు భోజనాలయ్యాక
వాళ్లంతా జీపు పక్కన గంతులేస్తుంటే
నా ఫోన్ తీశాను. మూల పగిలిన తెర,
లెన్సు మీద గీత, ఎటు తిప్పినా ఓ సన్నటి ఇంద్రధనుస్సు.
"అన్నా, చెయ్యి చాపు."
"పనుంది."
"ఒక్క నిమిషం. గ్లవ్ తియ్యి. నావైపు కొంచెం వంచు."
గొణుక్కుంటూ మోకాళ్ల మీద కూర్చున్నాడు.
నేను బోర్లా పడ్డాను, మొదటిసారి ఎవరూ డబ్బివ్వకుండా.
వెనక్కి కాదు, ముందుకి. ఇంకొంచెం ముందుకి.
అతని అరచెయ్యి తెరనిండా వచ్చింది,
ఈ మైదానంలాగే పలకలు పలకలుగా పగిలి
పగుళ్ల అంచున తెల్లగా.
బొటనవేలి మొదట్లో మా జీపు.
పక్కన ఆరుగురు మనుషులు, కీన్వా గింజలంత.
ఎగురుతున్నారు.
మారైకె ఎర్ర టోపీ కూడా కనిపిస్తోంది.

సెవెరో చాలాసేపు చూశాడు.
మొహం మీది గుడ్డ కిందికి లాగి
కోకా ఆకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చి
ఉత్త అరచెయ్యి పైకీ కిందికీ ఆడించాడు, తూకం వేస్తున్నట్టు.
"బరువేం లేరు" అన్నాడు.
పార అందుకుని వెళ్లిపోయాడు.

రాత్రి నైరా చూసి పెదవి విరిచింది.
"బాగా రాలేదు నాన్నా, జీపు మసగ్గా ఉంది."

ఉండనీ, అన్నాను.